పుట్టగొడుగు టీ తాగండి, మాత్రలు మాత్రం ఆపకండి

మూడ్ బాగుంటుందని, ఇమ్యూనిటీ పెరుగుతుందని పుట్టగొడుగుల టీలు, పొడులు, క్యాప్సూల్స్ ఇప్పుడు ఇంటింటికీ వచ్చేస్తున్నాయి. రీషీ, లయన్స్ మేన్, చాగా, కార్డిసెప్స్... ఒకప్పుడు మన ఇళ్ళలో ఎవరూ వినని పేర్లు. ఇప్పుడు అమెరికా నుంచి వచ్చే పిల్లల సూట్‌కేసుల్లో బాదంపప్పు ప్యాకెట్ల పక్కన ఈ డబ్బాలు కూడా దిగుతున్నాయి. నేనూ కొంతకాలం తాగాను, దొరికినంత చదివాను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే. తాగాలనిపిస్తే తాగండి. కానీ దాన్ని నమ్ముకుని డాక్టరు రాసిన మాత్ర ఆపొద్దు. ఆపమని చెప్పేవాళ్ళు ఎంత దగ్గరివాళ్ళైనా వాళ్ళ మాట వినొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, మా ఇంట్లోనే చూశాను కాబట్టి.

మా పెద్దమ్మకి గుండెలో వాల్వు మార్చారు. లోహపు వాల్వు వేసినవాళ్ళు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్ర వేసుకోవాలి. మోతాదు తగ్గితే వాల్వు దగ్గర గడ్డ కడుతుంది, ఎక్కువైతే లోపల ఎక్కడో ఒకచోట రక్తం కారుతుంది. అందుకే రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష చేయించుకుంటూ, అర మాత్ర, పావు మాత్ర అని సర్దుకుంటూ రావాలి. ఆకుకూరలు ఒక్కసారిగా ఎక్కువ తిన్నా ఆ అంకె మారిపోతుంది. పెద్దమ్మ ఆ రిపోర్టులన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి, బీరువాలో పట్టుచీరల మధ్య దాచుకుంటుంది. ఆ కవర్ ఆవిడకి అంత ముఖ్యం.

వరసకు నాకు బావ అయ్యే ఒకాయన గానోడెర్మా క్యాప్సూల్స్ పట్టుకుని వచ్చారు. గానోడెర్మా అంటే రీషీయే. మన ఊళ్ళలో ఇది కొత్తదేం కాదు. ఫంక్షన్ హాళ్ళలో మీటింగులు పెట్టి, కింద ఇంతమందిని చేర్పిస్తే ఇంత కమీషన్ అని చెప్పి, క్యాప్సూల్స్, గానో కాఫీ ఏళ్ళ తరబడి అమ్ముతూనే ఉన్నారు.

"అత్తయ్యా, ఇవి రోజూ రెండు వేసుకోండి. రక్తం పల్చబడి నీళ్ళలా పారుతుంది. ఆ ఇంగ్లీషు మందు నెమ్మదిగా తగ్గించేసుకోవచ్చు" అన్నారు.

"డాక్టరు గారిచ్చిన మాత్ర కూడా రక్తం పల్చబడటానికే కదయ్యా?" అంది పెద్దమ్మ.

"అది కెమికల్ అత్తయ్యా. ఇది ప్రకృతి ఇచ్చింది."

రక్తం పల్చబడుతుందన్న ఆయన మాట నిజమైతే ఏమవుతుందో చూడండి. రీషీకి రక్త కణాలు గుమికూడటాన్ని తగ్గించే గుణం ఉందని ల్యాబుల్లో కనిపించింది. రక్తం పల్చబడే మందు వాడేవాళ్ళు దీని జోలికి వెళ్ళొద్దని చెప్పేది అందుకే. రెండూ కలిస్తే రక్తస్రావం భయం. పోనీ ఆయన మాట అబద్ధమనుకుందాం. ఆయన్ని నమ్మి మాత్ర తగ్గిస్తే వాల్వు దగ్గర గడ్డ, అక్కడి నుంచి పక్షవాతం. మాట నిజమైనా అబద్ధమైనా ప్రమాదం మా పెద్దమ్మకే. ఆయనకి మాత్రం ఎలా చూసినా కమీషన్ వస్తుంది. చెకప్‌కి వెళ్ళినప్పుడు డబ్బా చూపిస్తే గుండె డాక్టరు గారు అక్కడే పక్కన పెట్టించారు. బావకి ఫోన్ చేసి చెప్తే, "మొదట్లో ఏదైనా ఇబ్బంది వస్తే భయపడకూడదు, లోపలి విషం బయటికి పోతున్నట్టు లెక్క" అన్నారు. ఈ వాక్యం విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. మేలు జరిగితే మందు గొప్పతనం, కీడు జరిగితే విషం పోవడం. ఇలా మాట్లాడేవాళ్ళకి మందు పనిచేయలేదన్న రోజు ఎప్పటికీ రాదు.

అలాగని పుట్టగొడుగుల్లో ఏమీ లేదని నేను అనట్లేదు. అలా అనడం కూడా తప్పే. జపాన్‌లో టర్కీ టెయిల్ అనే పుట్టగొడుగు నుంచి తీసిన పీఎస్‌కే అనే పదార్థాన్ని 1977లో, షిటాకే అనే ఇంకో పుట్టగొడుగు నుంచి తీసిన లెంటినాన్‌ని 1985లో క్యాన్సర్ చికిత్సకి తోడుగా వాడటానికి అనుమతించారు. 'తోడుగా' అన్నది గమనించండి. కీమో ఇస్తూ, దాంతో పాటు, డాక్టర్ల పర్యవేక్షణలో. అది కూడా శుద్ధి చేసి, మోతాదు కట్టి, లెంటినాన్ అయితే ఇంజెక్షన్ రూపంలో ఇచ్చే మందు. వేడినీళ్ళలో ముంచే టీ బ్యాగు కాదు. రీషీ గురించి క్యాన్సర్ మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన కొక్రేన్ (వైద్య పరిశోధనల్ని జల్లెడపట్టే అంతర్జాతీయ సంస్థ) సమీక్ష, దీన్ని మొదటి చికిత్సగా వాడటానికి తగిన ఆధారం లేదని చెప్పింది. తోడుగా వాడే సంగతి ఆలోచించొచ్చని మాత్రమే అంది. మన దగ్గర అమ్మేవాళ్ళు ఆ సగం మాటే పట్టుకుని, "జపాన్‌లో క్యాన్సర్‌కి ఇదే ఇస్తారు" అంటారు.

ఇమ్యూనిటీ అనే మాట మీద నాకు ఇంకో పేచీ ఉంది. కరోనా తర్వాత ఇమ్యూనిటీ అంటే ఎంత పెరిగితే అంత మంచిదని మనందరి బుర్రల్లోకీ ఎక్కింది. అది బ్యాంకు బ్యాలెన్స్ కాదు. రుమటాయిడ్ కీళ్ళవాతం, లూపస్, సోరియాసిస్ ఉన్నవాళ్ళకి రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేస్తుంటుంది. దాన్ని అణచడానికే డాక్టర్లు మందులిస్తారు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్ళూ ఆ వ్యవస్థని అదుపులో పెట్టే మాత్రలు రోజూ వేసుకోవాలి, లేకపోతే పెట్టిన కిడ్నీని శరీరం తోసేస్తుంది. వాళ్ళ దగ్గరికి వెళ్ళి "ఇమ్యూనిటీ బూస్టర్" అని అమ్మడం ఎంత ఘోరం! అమ్మేవాళ్ళు ఒక్క ప్రశ్న కూడా అడగరు. ఏం జబ్బులున్నాయి, ఏం మాత్రలు వాడుతున్నారు అని అడిగి అమ్మినవాళ్ళు నాకింతవరకూ తగల్లేదు.

ఇక మూడ్ సంగతి. దీని గురించి చెప్పేటప్పుడు నేను కొంచెం నెమ్మదిగా మాట్లాడాలనుకుంటున్నాను, ఎందుకంటే దీని వెనక నిజంగా బాధపడుతున్న మనుషులు ఉంటారు.

లయన్స్ మేన్ మీద చేసిన అధ్యయనాలు చిన్నవి. 2009లో జపాన్‌లో మతిమరుపు మొదలైన 30 మంది పెద్దవాళ్ళ మీద 16 వారాలు పరీక్షించారు. తీసుకున్నవాళ్ళ స్కోర్లు మెరుగయ్యాయి, ఆపేసిన నాలుగు వారాలకి మళ్ళీ తగ్గాయి. 2010లో అక్కడే 30 మంది ఆడవాళ్ళకి నాలుగు వారాల పాటు లయన్స్ మేన్ కలిపిన బిస్కెట్లు పెట్టి చూస్తే, దిగులు, ఆందోళన కొంత తగ్గినట్టు కనిపించింది. 2023లో ఇంగ్లండ్‌లో 41 మంది ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలో 28 రోజుల తర్వాత స్ట్రెస్ తగ్గే సూచన మాత్రం ఉంది, గట్టిగా చెప్పేంత లేదు. ఆశ పుట్టించే విషయమే. పెద్ద ఎత్తున పరీక్షించాలి కూడా. కానీ ముప్పై మంది మీద నాలుగు వారాలు చూసినదాన్ని పట్టుకుని "డిప్రెషన్ మాయం" అని డబ్బా మీద రాస్తే అది మోసం.

దీనికి తోడు ఇంకో గందరగోళం. పుట్టగొడుగులతో డిప్రెషన్ తగ్గుతుందని అమెరికాలో రుజువైందంటూ తిరిగే వీడియోల్లో చూపించేది సైలోసైబిన్ పరిశోధన. అది భ్రాంతులు కలిగించే వేరే జాతి పుట్టగొడుగుల్లో ఉండే పదార్థం. దాన్ని ఆసుపత్రి లాంటి చోట, పక్కన శిక్షణ పొందిన మనుషులు కూర్చుని ఇస్తారు. మన దేశంలో అది మాదకద్రవ్యాల చట్టం కింద నిషిద్ధం. లయన్స్ మేన్‌కీ దానికీ సంబంధం లేదు. ఒకదాని పరిశోధన చూపించి ఇంకోదాన్ని అమ్ముతున్నారు. అమెరికాలో ఉన్న మన పిల్లలకి ఇంకో మాట: 2024లో అక్కడ మష్రూమ్ చాక్లెట్లు, గమ్మీలు తిని చాలామంది ఆసుపత్రుల పాలయ్యారు, కంపెనీ సరుకు వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. దుకాణంలో బహిరంగంగా అమ్ముతున్నారు కదా అని ధీమా పడొద్దు.

నా సంగతి అడిగితే, నేను రాత్రిపూట రీషీ టీ తాగాను. చేదు. కాకరకాయ చేదు కాదు, చెక్క నానబెట్టిన నీళ్ళ చేదు. నిద్ర మెరుగైంది, ఆ మాట నిజం. కానీ అంతకుముందు అదే వేళకి ఫిల్టర్ కాఫీ తాగేదాన్ని. కాఫీ మానడం వల్ల నిద్ర పట్టిందా, రీషీ వల్ల పట్టిందా? నా అనుభవం ఒక్కదాంతో ఎవరూ తేల్చలేరు, నేనూ తేల్చలేను. అందుకే "నాకు పనిచేసింది" అని ఎవరికీ చెప్పను. సాయంత్రం ఒక అరగంట ఫోన్ పక్కన పెట్టి, వేడి కప్పు చేతిలో పట్టుకుని డాబా మీద కూర్చోవడం మాత్రం హాయిగా ఉండేది. ఆ హాయికి విలువ లేదని ఎవరన్నా ఒప్పుకోను.

సరుకు విషయానికి వస్తే, చైనాలో తరతరాలుగా ఎండిన రీషీ ముక్కల్ని చాలాసేపు మరగబెట్టి కషాయం కాచుకుంటారు. అది చెక్కలా గట్టిగా ఉంటుంది, అయిదు నిమిషాలు ముంచితే దాని సారం నీళ్ళలోకి ఎంత దిగుతుంది? పైగా కొన్ని కంపెనీలు పుట్టగొడుగు పండించవు. ధాన్యం మీద దాని బూజు (మైసీలియం) పెంచి, ఆ ధాన్యంతో సహా పొడి కొడతాయి. నా దగ్గరున్న ఒక డబ్బా తిప్పి చూస్తే ముందు వైపు అందమైన పుట్టగొడుగు బొమ్మ, వెనక చిన్న అక్షరాల్లో 'మైసీలియం, బ్రౌన్ రైస్'. అంటే కిలోల లెక్కన వేల రూపాయలు పోసి కొన్నదాంట్లో కొంత బియ్యప్పిండి. 2017లో అమెరికా మార్కెట్లోని 19 రీషీ సప్లిమెంట్లు పరీక్షిస్తే అసలైన రీషీగా తేలినవి అయిదే. మన దగ్గర ఆహార భద్రత చూసే ఎఫ్ఎస్ఎస్ఏఐ నిబంధనల ప్రకారం ఇలాంటి వాటి మీద 'నాట్ ఫర్ మెడిసినల్ యూజ్' (మందుగా వాడటానికి కాదు) అని రాయాలి, రాస్తారు కూడా. డబ్బా మీద మందు కాదని రాసి, నోటితో మాత్రం మందని చెప్పి అమ్ముతారు. షుగర్, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వకూడదని 1954 నుంచి చట్టం ఉంది. వరండాలో కూర్చుని చెప్పే మాటల్ని ఏ చట్టం పట్టుకుంటుంది?

కార్డిసెప్స్‌కి ప్రపంచమంతా పేరు ఎలా వచ్చిందో తెలుసా? 1993లో చైనా అమ్మాయిలు పరుగుపందేల్లో ప్రపంచ రికార్డులు బద్దలు కొట్టారు. వాళ్ళ కోచ్, మా జున్‌రెన్ అనే ఆయన, పురుగు మీద మొలిచే ఈ శిలీంధ్రం, తాబేలు రక్తం ఇచ్చానని చెప్పాడు. లోకం నమ్మింది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ముందు రక్తపరీక్షల్లో నిషిద్ధ మందులు వాడారన్న అనుమానం వచ్చి ఆయన శిష్యుల్లో ఆరుగురిని చైనానే జట్టులోంచి తప్పించింది. ఆ కథ రెండో సగం ఏ డబ్బా మీదా ఉండదు. హిమాలయాల్లో దాన్ని ఎంతగా తవ్వేశారంటే, 2020లో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దాన్ని అంతరించే ముప్పున్న జాతుల్లో చేర్చింది.

హాని గురించి కూడా చెప్పాలి. థాయ్‌లాండ్‌లో రీషీ పొడి వాడాక లివర్ దెబ్బతిని మనిషి చనిపోయిన కేసు వైద్య పత్రికల్లో ఉంది. చాగాలో ఆక్సలేట్ చాలా ఎక్కువ, కిడ్నీలో రాళ్ళు కట్టేది ఎక్కువగా దాంతోనే. జపాన్‌లో 72 ఏళ్ళ ఒకావిడ ఆరు నెలలు రోజూ నాలుగైదు చెంచాల చాగా పొడి వేసుకుంటే కిడ్నీలు పాడై డయాలసిస్ దాకా వెళ్ళింది. ఇవి అరుదైనవే. కానీ మన దగ్గర కిడ్నీలో రాళ్ళు లేని కుటుంబం ఎక్కడుంది? శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఊళ్ళకి ఊళ్ళే కిడ్నీ జబ్బుతో అల్లాడుతున్నాయి. అలాంటి చోట "ఇమ్యూనిటీ పొడి" అంటూ చాగా అమ్మితే ఊరుకోవాలా?

మనసు బాగోలేక ఈ టీల వైపు చూస్తున్నవాళ్ళకి ఒక మాట. సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న భయంతోనే చాలామంది డబ్బా ఆర్డర్ పెడతారు, అది నాకు అర్థమవుతుంది. డబ్బా ఇంటికొస్తే ఎవరికీ తెలీదు. ముందు థైరాయిడ్, బి12, డి విటమిన్, హిమోగ్లోబిన్ చూపించుకోండి. వీటిల్లో ఏది తగ్గినా నీరసం, దిగులు కమ్ముకుంటాయి, వాటికి మందు ఉంది. అవన్నీ బాగున్నా మనసు లేవట్లేదంటే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. డబ్బులక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. ఇప్పటికే డిప్రెషన్ మాత్రలు వాడుతున్నవాళ్ళు టీ మొదలుపెట్టామని వాటిని ఒక్కసారిగా ఆపేస్తే తలతిరుగుడు, నిద్రలేమి, ఆందోళన రావచ్చు. తగ్గించాలన్నా డాక్టరే తగ్గించాలి.

పుట్టగొడుగులే కావాలంటే వానాకాలంలో రైతుబజార్లో ముత్యపుచిప్ప, పాలపుట్టగొడుగులు దొరుకుతాయి. ఇమ్యూనిటీ పేరుతో అమ్మేవాళ్ళు గొప్పగా చెప్పే బీటా గ్లూకాన్లనే పదార్థాలు వాటిల్లోనూ ఉంటాయి, కాసేపు ఎండలో పెడితే డి విటమిన్ కూడా తయారవుతుంది. ఉల్లిపాయ, మిరియాలు వేసి కూర వండుకోండి.

విదేశాల్లో ఉన్న తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి, అమ్మానాన్నల కోసం ఈ డబ్బాలు పంపాలనిపిస్తే ఇలా చేయండి. ఇంట్లో వాళ్ళు వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ మంచం మీద పరిపించి ఫోటో తీయించండి. డబ్బా వెనకవైపు ఫోటో కూడా తీయండి. రెండూ కలిపి వాళ్ళ డాక్టరుకి చూపించండి. ఆయన సరేనన్నాకే పంపండి.