ఊలు ఏ చేతిలో?

(ఢిల్లీలో ముప్పై చలికాలాలు చూసిన వదిన సరోజ. నర్సాపురం నుంచి వచ్చిన ఆడపడుచు పద్మ. మధ్యలో సగం అల్లిన పిల్లాడి స్వెట్టరు.)

సరోజ: ఊలు ఎడమచేతికి చుట్టుకున్నావేంటి పద్మా? కుడిచేత్తో సూది మీద వెయ్యమని కదా నేర్పాను!

పద్మ: మొదట అలాగే అల్లాను వదినా. కుట్టుకుట్టుకీ దారం తిప్పి తిప్పి భుజం లాగేసింది. లేసు అల్లేటప్పుడు మాకు దారం ఎడమచేతి వేళ్ళ మీదే కదా ఉండేది. చిన్నప్పటి అలవాటు. ఇక్కడా చూపుడువేలి మీద బిగువుగా పెట్టుకుంటే, సూది మొనతో ఎత్తుకోవడమే. జర్మనీలోనూ ఇంతేనట.

సరోజ: ఉల్టా వరసలో, అదే తిరగేసి వేసే కుట్ల వరసలో, నీ వేళ్ళు తడబడ్డం నేను చూళ్ళేదా?

పద్మ: చూశారు, ఒప్పుకుంటాను. ఊలు ఇలా పట్టుకుంటే ఉల్టాయే కష్టం. దానికి పోర్చుగల్ వాళ్ళ పట్టు నేర్చుకుంటున్నాను. ఊలుని మెడ వెనక నుంచి తెచ్చుకోవాలి, లేదా జాకెట్టుకి పెట్టుకున్న పిన్నుకి తగిలించాలి. దారం ఎప్పుడూ ముందువైపే ఉంటుంది కాబట్టి ఎడమ బొటనవేలితో ఇలా తోస్తే ఉల్టా పడిపోతుంది. స్కాట్లాండ్‌లోని షెట్లాండ్ దీవుల ఆడవాళ్ళయితే నడుముకి చిల్లులున్న తోలుపట్టీ కట్టుకుని కుడిసూది అందులో గుచ్చేస్తారు. సూదిని మొయ్యాల్సిన పని చేతికి ఉండదు. ఇక రెండు రంగుల పువ్వులు వెయ్యాలంటే? మీరు ఎరుపు వదిలి తెలుపు, తెలుపు వదిలి ఎరుపు పట్టుకుంటారు. రెండు పట్లూ వస్తే కుడిచేతిలో ఒకటి, ఎడమచేతిలో ఒకటి. వదలక్కర్లేదు.

సరోజ: ఉపన్యాసం అయిందా? ఈ స్వెట్టరు చేతులు పక్కపక్కన పెట్టు. ఒకటి నా పద్ధతి, ఒకటి నీది. అదే ఊలు, అవే సూదులు, అవే కుట్లు, అన్నే వరసలు. రెండోది రెండు వేళ్ళు పొడుగెందుకొచ్చింది?

పద్మ: (కొలిచి) ...నా బిగువు వేరు.

సరోజ: వాడికి ఒక చెయ్యి మణికట్టు దాటి వేలాడుతుంది. లేసు చెయ్యి ఊలుకి పనికిరాదని అందుకే అన్నాను.

పద్మ: లేసుని అనకండి! నర్సాపురం లేసుకి 2024లో జీఐ, అదే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. మీ పెళ్ళికి అమ్మ అల్లిచ్చిన టేబుల్ గుడ్డ ఏమైంది అసలు?

సరోజ: మీ అన్నయ్య దాని మీద టీ ఒలకబోశారు. నన్నంటావేం?

పద్మ: ఉతికితే పోదా?

సరోజ: మాట మార్చకు. ముందు ఆ చెయ్యి విప్పు.

పద్మ: విప్పుతాను. మీరల్లించిందే విప్పి, రెండూ ఎడమచేత్తో అల్లుతాను.