కాబనెల్‌ని అకాడమీ గెంటేసిందా?

మోచేతి చాటున సగం ముఖం, ఎర్రబడ్డ కంట్లో నీటిచుక్క, ఆ కంట్లోనే కసి. ఫ్రెంచ్ చిత్రకారుడు అలెగ్జాండర్ కాబనెల్ 1847లో వేసిన లూసిఫర్ (దేవుడు స్వర్గం నుంచి తోసేసిన దేవదూత) బొమ్మ మీలో చాలామంది ఫోన్‌లోకి వచ్చే ఉంటుంది. దాంతోపాటు ఒక కథా వస్తోంది: పేద కుర్రాణ్ని ఫ్రాన్స్ అధికారిక కళాసంస్థ అయిన అకాడమీ గెంటేసిందట, ఆ కోపంతో లూసిఫర్‌కి తన ముఖమే పెట్టాడట, గుర్తింపు లేకుండానే పోయాడట.

ఫ్రాన్స్‌లోని మోంపెలియే ఊళ్లో సామాన్య కుటుంబంలో పుట్టిన మాట నిజం. తక్కినదే తేడా.

మొదట ఆ గెంటేయడం సంగతి. బొమ్మ వేసేనాటికి ఆయన రోమ్‌లో, ఫ్రెంచ్ కళావిద్యార్థులుండే విల్లా మెడిచీలో, ఫ్రెంచ్ ప్రభుత్వ ఖర్చుతో చదువుకుంటున్నాడు. గెలిచినవాళ్లని అక్కడికి పంపే ప్రి ద రోమ్ పోటీలో 1845లో రెండో స్థానమే వచ్చినా సీటు దక్కింది. అక్కడి విద్యార్థులు ఏటా తమ పని పారిస్‌కి పంపాలి, అకాడమీ పెద్దలు దాన్ని పరీక్షిస్తారు. ఈ లూసిఫర్ అలా పంపిందే. పెద్దలకు నచ్చలేదు. కదలిక సరిగా లేదన్నారు, గీతలో కచ్చితత్వం లేదన్నారు, పనితనం చాల్లేదన్నారు. అంతే, సీటేమీ పోలేదు. అయినా ఈ చీవాట్లు పడింది బొమ్మ పూర్తయి పారిస్ చేరాక కదా! ఆ కోపం ముందే బొమ్మలోకి ఎలా ఎక్కింది?

ముఖం ఆయనదే అనేవాళ్లు ఆధారం చూపరు. పెనవేసి బిగించిన వేళ్లు, బిగుసుకున్న కండరాలు చూడండి. మోడల్‌ని నిలబెట్టి నగ్నదేహం గీయించడం అకాడమీ చదువులో ముఖ్యమైన పాఠం. ఈ లూసిఫర్ ఒంట్లో ఆ పాఠమే కనిపిస్తుంది.

ఇక గుర్తింపు లేదన్న మాటకైతే నవ్వొస్తుంది. 1863లో పారిస్ అధికారిక చిత్రప్రదర్శన అయిన సలోన్‌లో పెట్టిన ‘వీనస్ జననం’ని మూడో నెపోలియన్ చక్రవర్తే కొన్నాడు. అదే ఏడు అకాడమీ సభ్యత్వం వచ్చింది. మరుసటేడు నుంచి 1889లో చనిపోయేదాకా పారిస్ ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్‌లో ప్రొఫెసర్. అమెరికా డబ్బున్నవాళ్లు తమ బొమ్మలు వేయించుకున్నారు. ఆ వీనస్ గులాబీ, తెలుపు బాదం మిఠాయితో చేసినట్టుందని రచయిత జోలా ఎగతాళి చేశాడు, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ ఎగతాళి పడాలన్నా ముందు పేరుండాలి.

గేటు బయట ఏడ్చినవాడు కాదు, గేటు దగ్గర కూర్చున్నవాడాయన. ఏ బొమ్మల్ని లోపలికి రానివ్వాలో తేల్చే సలోన్ జ్యూరీలో ఏళ్ల తరబడి ఉన్నాడు. అలాగని కొత్తవాళ్లందరికీ శత్రువనే ఇంకో కథ అల్లకండి. 1881లో కొత్త పోకడల చిత్రకారుడు ఎదువార్ మానేకి సలోన్ పతకం ఇవ్వాలా వద్దా అని జ్యూరీలో గొడవైనప్పుడు, ఇవ్వాల్సిందేనన్న వాళ్లలో కాబనెల్ ఒకడు.