యానాం మీద ఫ్రాన్స్‌కు ఇంకా హక్కుందా? లేదు

‘1954లో ఫ్రాన్స్ యానాంను భారత్‌కు పాలన కోసం మాత్రమే ఇచ్చింది. సార్వభౌమత్వం ఇప్పటికీ ఫ్రాన్స్‌దే. అందుకే యానాంను ఆంధ్రలో కలపకూడదని ఒప్పందంలో రాసుకున్నారు. అక్కడి వాళ్లంతా ఫ్రెంచ్ పౌరులే.’ ఈ మెసేజ్ తెలుగు గ్రూపుల్లో తెగ తిరుగుతోంది. ఒక నిజానికి మూడు అబద్ధాలు అంటించారు.

పాలన కోసమే ఇచ్చారన్న మాట 1954 వరకైతే నిజమే. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాంల పాలన ఆ ఏడాది నవంబరు 1న భారత్ చేతికి వచ్చింది, సార్వభౌమత్వం రాలేదు. ఎందుకంటే ప్రజల సమ్మతి లేకుండా భూభాగాన్ని వదులుకోవడం చెల్లదని 1946 నాటి ఫ్రెంచ్ రాజ్యాంగమే చెప్పింది. బెంగాల్‌లోని మరో ఫ్రెంచ్ స్థావరం చందర్‌నగర్‌లో 1949లో నేరుగా ప్రజల ఓటింగ్ పెడితే 7,473 మంది భారత్ వైపు, 114 మంది ఫ్రాన్స్ వైపు నిలిచారు. మిగిలిన నాలుగు చోట్లా అలాంటి ఓటింగ్ జరగలేదు. 1954 జూన్ 13న యానాం విమోచన ఉద్యమకారుల చేతికి వచ్చింది. అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గరి కీళూరులో ఎన్నికైన ప్రతినిధులు 178 మంది ఓటేశారు. భారత్‌లో విలీనానికి 170, వ్యతిరేకంగా 8. ఆ సమ్మతి ఆధారంగానే మూడు రోజులకు పాలన అప్పగింత ఒప్పందం కుదిరింది.

సార్వభౌమత్వం ఇప్పటికీ వాళ్లదే అనడం మాత్రం పచ్చి అబద్ధం. 1956 మే 28న నెహ్రూ, ఫ్రెంచ్ రాయబారి ఓస్ట్రోరోగ్ సంతకాలు చేసిన ఒప్పందంతో ఫ్రాన్స్ ఆ ప్రాంతాలను పూర్తి సార్వభౌమత్వంతో భారత్‌కు వదులుకుంది. అయితే దానికి ఫ్రెంచ్ పార్లమెంటు ఆమోదం కావాలి. ఫ్రాన్స్ పాలనలోని అల్జీరియాలో స్వాతంత్ర్య యుద్ధం నడిచినన్నాళ్లూ అది రాలేదు. 1962 మార్చిలో అక్కడ కాల్పులు ఆగాయి, ఆ ఏడాదే పారిస్‌లో ఆమోదం దొరికింది. ఆగస్టు 16న ఆమోద పత్రాలు చేతులు మారాయి. పద్నాలుగో రాజ్యాంగ సవరణ ఆ తేదీ నుంచే పుదుచ్చేరిని కేంద్రపాలిత ప్రాంతంగా చేర్చింది. మెసేజ్ రాసినవాళ్లు కథను 1954 దగ్గర ఆపేశారు.

కలపకూడదన్న షరతు ఎక్కడుంది? 1956 ఒప్పందం రెండో అధికరణ చెప్పేది వేరు. 1954 నవంబరుకు ముందున్న ప్రత్యేక పాలనా హోదా కొనసాగుతుంది, దాన్ని రాజ్యాంగపరంగా మార్చాలంటే ముందు ప్రజల అభీష్టం తెలుసుకోవాలి. అంతే. చుట్టూ ఆంధ్ర నేల, రాజధాని ఎక్కడో పుదుచ్చేరిలో ఉన్నాక విలీనం మాట అప్పుడప్పుడూ రావడం సహజం. కలవాలా వద్దా అన్నది యానాం వాళ్లు చెప్పాల్సిన మాట. లేని నిషేధాన్ని అడ్డుపెట్టి ఆ మాటను వాళ్ల నోట్లోంచి లాక్కోవడం అన్యాయం.

ఇక పౌరసత్వం. అక్కడే పుట్టి అక్కడే నివాసముంటున్న ఫ్రెంచ్ జాతీయులు 1962లో ఒప్పందం అమల్లోకి రాగానే భారత పౌరులయ్యారు. ఫ్రెంచ్ పౌరసత్వమే ఉంచుకోవాలనుకున్నవాళ్లు ఆరు నెలల్లోగా రాతపూర్వకంగా కోరుకోవాలి. కొందరు కోరుకున్నారు, వాళ్ల కుటుంబాలకు ఆ పౌరసత్వం కొనసాగింది. యానాంలో మిగతావాళ్లంతా మనలాగే భారత పౌరులు.