జింకలు బాల్కనీ ముందుకు రావడం లేదు

హైదరాబాద్ శివార్లలో, విజయవాడ హైవే పక్కన ఉన్న మహావీర్ హరిణ వనస్థలి అనే జింకల పార్కు అంటే నాకు అపారమైన గౌరవం. ఎంత గౌరవమంటే, అటువైపు బాల్కనీ ఉన్న ఫ్లాటుకు చదరపు అడుగుకు ఇంతని ‘వ్యూ ఛార్జీలు’ అదనంగా కట్టి మరీ కొన్నాను. కాబట్టి దీన్ని ఫిర్యాదనుకోకండి, ఒక వినియోగదారుడి ఆవేదన.

బ్రోచర్‌లో ఒక కృష్ణజింక మెలితిరిగిన కొమ్ములతో నిలబడి సరాసరి మా హాల్లోకి చూస్తోంది. గృహప్రవేశమై ఎనిమిది నెలలైంది. కనబడింది ఒక్కసారి, అదీ వెనక్కి తిరిగి. దాదాపు 3,600 ఎకరాల్లో మా ముందున్న అరెకరమే దానికి నచ్చలేదా? మొన్న మా అత్తగారు బైనాక్యులర్స్‌తో అరగంట వెతికి "అదుగో!" అన్నారు. తీరా చూస్తే, కంచె ముళ్లకు తగులుకున్న చిప్స్ ప్యాకెట్. గాలికి కాస్త తల కూడా ఊపింది పాపం.

పిలవని చుట్టాలు మాత్రం వేళకి వస్తున్నారు. తెల్లారకముందే నెమళ్ల కచేరీ. సెల్లార్‌లో పాము. పాము సంగతి అగ్రిమెంట్‌లో ఎక్కడా లేదు, రెండుసార్లు చదివాను.

కృష్ణజింకను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో, అన్నిటికంటే ఎక్కువ రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో పెట్టారు. మంచిదే. జింక మొహం చాటేస్తే కొనుక్కున్నవాడి గతేమిటో మాత్రం ఏ షెడ్యూలులోనూ రాయలేదు.

ఎండాకాలం రాగానే ఇంకో మోసం బయటపడింది. అడవి పచ్చగా లేదు! అంతా ఎండుగడ్డి. మా అసోసియేషన్ తరఫున మొక్కలు, బ్యానరు, ఫొటోగ్రాఫరుతో సహా వెళ్లాం. గేటు దగ్గర గార్డు మమ్మల్ని, మొక్కల్ని మార్చి మార్చి చూశాడు. "గీ జింకకు చెట్లెందుకు సార్? గడ్డి మంచిగుంటె చాలు. చెట్లు అడ్డమొస్తె ఇది ఉరుకుడెట్ల?"

అది గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదట. పొద్దున తొమ్మిదింటికి మా హైవే మీద ఏ కారుకూ ఆ భాగ్యం లేదు.

నిజాం కాలంలో ఇది వేట మైదానం. 1975లో మహావీరుడి 2500వ నిర్వాణ వార్షికోత్సవానికి గుర్తుగా ఆయన పేరు పెట్టారు. తుపాకులు పోయి అహింస వచ్చింది. ఆ రోజుల్లో జింక కోసం ఊరు దాటి రావాల్సి వచ్చేది. మేం తుపాకీ ఊసే లేకుండా, హోమ్ లోన్ పట్టుకుని ఊరినే ఇక్కడికి తెచ్చేశాం. ఇంతకంటే అహింస ఏముంటుంది?

పోయిన ఆదివారం మీటింగ్‌లో ఏకగ్రీవంగా తీర్మానించాం: సెలవు రోజుల్లో సాయంత్రం అయిదు నుంచి ఆరు దాకా కనీసం రెండు జింకలు కంచె దగ్గర నిలబడాలి, మా వైపు తిరిగి. తీర్మానం కాపీ ఎవరికి ఇవ్వాలో తేలక సెక్రటరీ గారి దగ్గరే ఉంది.

ఈలోగా మా వెనక స్థలంలో పద్దెనిమిది అంతస్తుల టవర్ లేస్తోంది. నిన్న వాళ్ల బ్రోచర్ తలుపు సందులోంచి వచ్చి పడింది. అదే జింక, అవే కొమ్ములు. ఈసారి వాళ్ల హాల్లోకి చూస్తోంది. ఆ బొమ్మలో మా అపార్ట్‌మెంట్ ఉండాల్సిన చోట పచ్చటి చెట్లున్నాయి.