192 కోర్ల ప్రాసెసర్ గారికి, భీమవరం నుంచి

మహారాజశ్రీ సర్వర్ ప్రాసెసర్ గారికి,

ఉభయకుశలోపరి. మీరు మా ఆఫీసులో అడుగుపెట్టి ఏడు నెలలైంది. ఏసీ గదిలో ఉన్నారు కాబట్టి కులాసాగానే ఉండి ఉంటారు. ఫ్యాను కింద ఉన్నది మేమేనండీ, ఆయ్.

అసలు మిమ్మల్ని ఈ ఊరు రప్పించింది నా నోరే. మేం రైస్ మిల్లులకీ, రొయ్యల మేత డీలర్లకీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. రాత్రిపూట అందరి లెక్కలూ తీసుకుని బిల్లులు వేసే పని నాలుగు గంటలు పడుతోందని ఒకరోజు బాస్ దగ్గర వాగాను. "మనకెన్ని కోర్లున్నాయి?" అన్నారు. కోర్లంటే ప్రాసెసర్ లోపల విడివిడిగా లెక్కలు చేసే భాగాలండీ. ఎనిమిదన్నాను. ఆయన మొహం చూడాలి, కొడుక్కి లెక్కల్లో ఎనిమిది మార్కులొచ్చాయని విన్నట్టు పెట్టారు. ఆ ఏడు ఆయన చెరువుల్లో రొయ్య బాగా కలిసొచ్చిందిలెండి, లేకపోతే విడుదలైనప్పుడు 14,813 డాలర్లు పలికిన తమరెక్కడ, మేమెక్కడ.

మీ వంశచరిత్ర కూడా ఆయనే వల్లించారు. ఏఎండీ కంపెనీ సర్వర్ ప్రాసెసర్లు, ఎపిక్ వారింట 2017లో 32 కోర్లు, 2019లో 64, 2022లో 96, మరుసటేడు 128, 2024లో ఏకంగా 192. పెళ్ళి సంబంధంలో ఎకరాలు చెప్పుకున్నట్టు చెప్పారు. ధవళేశ్వరం బ్యారేజీకి నాలుగు పాయల మీదా కలిపితే 175 గేట్లండీ. మీకు అంతకంటే 17 ఎక్కువ. అఖండ గోదావరిని ఆపే గేట్లకన్నా ఎక్కువ కోర్లు, చుట్టుపక్కల మేత బిల్లులు వేయడానికి!

మొదటి రాత్రి నిద్ర మానుకుని మీ పనితనం చూద్దామని కూర్చున్నాను. కోర్‌కి రెండు థ్రెడ్ల (ఒకేసారి నడిచే పని వరసల) చొప్పున, ఏది ఎంత పని చేస్తోందో చూపే 384 గీతలు, స్క్రీన్ చాలక కిందకి జరుపుకుంటూ చూడాలి. వాటిలో ఒక్కటంటే ఒక్కటి నిండుగా ఉంది. మిగతావన్నీ చుక్కల్లా ఉండి, అప్పుడప్పుడూ చిన్నగా ఉలిక్కిపడి మళ్ళీ పడుకుంటున్నాయి. పని ముగిసేసరికి నాలుగు గంటల ఇరవై నిమిషాలు. పాతదానికన్నా ఇరవై నిమిషాలు ఆలస్యం!

పొద్దున్నే ఇంటికెళ్ళి నాన్నకి చెప్పుకుని ఏడిస్తే, టీ గ్లాసు కింద పెట్టి ఒకటే అడిగారు: "కాటా ఒకటేనా?"

కల్లంలో ఎంతమంది బస్తాలకెత్తినా తూకం వేసే కాటా ఒక్కటైతే అందరూ వరసలో నిలబడాల్సిందే అని ఆయన బాధ. 1967లో కంప్యూటర్ ఇంజనీరు ఆమ్డాల్ గారు చెప్పిందీ ఇదే. పనిలో నూటికి అయిదు వంతులు ఒకదాని తర్వాత ఒకటిగా చేయక తప్పదంటే, ఆయన లెక్కన మీలాంటి కోర్లు వెయ్యి పెట్టినా వేగం 20 రెట్లు దాటదు. మా నాన్న ఆమ్డాల్‌ని చదవలేదు, మిల్లు దగ్గర రాత్రుళ్ళు పడుకున్నారంతే.

మా కాటా ఏమిటంటారా, బిల్లు నంబరు. జీఎస్టీ బిల్లులకి నంబర్లు వరసగా ఉండాలి కదండీ, అందుకని ఎప్పుడో ఎవరో (సరే, నేనే) తర్వాతి నంబరు ఎంతో ఒకే ఒక్క చోట దాచి, ఒకసారికి ఒక్కరే ముట్టుకునేలా దానికి తాళం వేశాను. ప్రతి బిల్లూ ఆ తాళం కోసం ఆగాలి. పైగా తమరు ఒకే ముక్క కాదు, 16 కోర్ల చొప్పున 12 చిప్పు ముక్కలు. ఒక ముక్కలోని కోర్ దగ్గర్నుంచి తాళం ఇంకో ముక్కలోకి వెళ్ళాలంటే నడిమధ్యన ఉన్న మరో ముక్క మీదుగా వెళ్ళాలి, గోదావరి లంకలోవాళ్ళు పంటు పడవ ఎక్కి ఒడ్డుకొచ్చి, మళ్ళీ ఇంకో పంటు ఎక్కి పక్క లంకకి పోయినట్టు. ఆ ఇరవై నిమిషాలూ పంటు ఛార్జీలే అని నా అనుమానం.

మీ మర్యాదలకేమీ తక్కువ లేదు. 500 వాట్లు, అంటే పూర్తిగా కష్టపడితే రోజుకి 12 యూనిట్లు. మీలాంటివారు ముగ్గురు కలిస్తే చెరువులో రెండు హెచ్‌పీ ఏరేటరుతో సమానం. ఏరేటరైతే రొయ్యకి ఊపిరన్నా అందిస్తుంది. ఇక లైసెన్సుల సంగతి. విండోస్ సర్వర్ 2016 నుంచీ కోర్లు లెక్కపెట్టే వసూలు చేస్తోంది, డేటాబేస్ కంపెనీలు చాలావాటిదీ అదే దారి. కోర్ పనిచేసిందా, పడుకుందా అని ఎవరూ అడగరు. పడుకున్న 191 మందికీ కట్టాం.

మిమ్మల్ని పనికిమాలినవారంటే కళ్ళు పోతాయి. మనిషికి నాలుగు కోర్ల చొప్పున పంచితే 48 మందికి తలో వర్చువల్ సర్వర్ (ఒకే యంత్రంలో విడి యంత్రంలా నడిచే వాటా) ఇవ్వొచ్చు, పాత సర్వర్లతో నిండిన బీరువాని ఒక్కరే మింగేస్తారు. సర్వర్లు అద్దెకిచ్చే క్లౌడ్ కంపెనీలు మిమ్మల్ని నెత్తిన పెట్టుకునేది అందుకే. తమరు భూములు కౌలుకిచ్చే పెద్ద ఆసామి. ఒకే కమతంలో సొంత సేద్యానికి దింపిన తప్పు మాది.

మొత్తానికి పోయిన నెల ఆ తాళం తీసేశాను. ఒక్కో బ్రాంచికి ఒక్కో నంబర్ల సిరీస్ పెట్టాను, దానికి రూల్స్ ఒప్పుకుంటాయి. ఇప్పుడు మీరు ఆ పని పదకొండు నిమిషాల్లో చేస్తున్నారు. బాస్ వచ్చినవాళ్ళందరికీ గది తలుపు తీసి మిమ్మల్ని చూపిస్తున్నారు.

ఒక చిన్న సంగతి మాత్రం మన ఇద్దరి మధ్యే ఉండాలండీ. ఆదివారం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు, స్టోర్ రూములో మేత బస్తాల వెనకున్న ఎనిమిది కోర్ల ముసలాయన్ని బయటకి లాగి, దుమ్ము దులిపి, అదే ప్రోగ్రాం నడిపి చూశాను. పద్నాలుగు నిమిషాలు.

ఇట్లు,
తమ తాళాలు తీసినవాడు