జాతరకు సప్పరం, ల్యాబుకు తాళం

తిరుపతిలో మే నెల ఎండ ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. ఆ ఎండలోనే తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. గుడి వీధిలో కాసేపు నిలబడితే జనం తలల మీదుగా చిన్న చిన్న గోపురాలు ఊగుతూ రావడం కనిపిస్తుంది. అవే సప్పరాలు. వెదురు బద్దలతో గోపురం ఆకారంలో కట్టి, రంగు కాగితాలు అంటించి, మొక్కున్నవాళ్లు నెత్తిన పెట్టుకుని వస్తారు. దీన్ని ఎవరు చేశారని ఒకాయన్ని అడిగితే ఎవరి పేరూ చెప్పలేదు. "మా వీధోళ్లమే సామీ" అన్నాడు, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

అడగడానికి చాలా ఉంది. వెదురును నిలువునా చీల్చడం చూసినంత తేలిక కాదు. కణుపు దగ్గర కత్తి కాస్త తడబడితే బద్ద ఒక పక్క సన్నగా, ఒక పక్క మందంగా తేలుతుంది. అలాంటి బద్దను వంచితే గుండ్రంగా రాదు, కోలగా వస్తుంది. నీళ్లలో నాననిది వంచితే పుటుక్కున విరుగుతుంది. కాగితాలకు మైదా ఉడికించిన జిగురు వాడతారు. పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం వేయడం తెలిసినవాడు ఒకడుంటాడు. ఇంతా చేశాక అది మనిషి మెడ మోయగలిగేంత తేలిగ్గా ఉండాలి, గుంపులో నలుగురు తోసినా చెదరనంత గట్టిగా ఉండాలి, మోసేవాడు తల తిప్పితే ఒక పక్కకు ఒరగకూడదు. ఇంజినీరింగ్ కాలేజీలో దీన్ని ప్రాజెక్టుగా ఇస్తే ఒక సెమిస్టర్ పడుతుంది. వీధిలో నాలుగు సాయంత్రాలు చాలు, ఎందుకంటే అక్కడ వాయిదా అడగడానికి ఎవరూ లేరు. జాతర రోజు జాతర జరిగి తీరుతుంది.

ఇవే ఎండాకాలం రోజుల్లో ఇంకో దృశ్యం చూశాను. ఊరి పేరు ఎందుకులెండి. ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉందని తెలిసి వెళ్లాను. తలుపుకు తాళం. కిటికీలోంచి చూస్తే త్రీడీ ప్రింటర్ మీద పాత బెడ్‌షీట్ కప్పి ఉంది, గోడకు రోబో బొమ్మల చార్టు. హెడ్మాస్టర్ మంచాయన. నేను వచ్చానని ఇంటి నుంచి సైకిల్ మీద వచ్చారు. సెలవుల్లో పిల్లల కోసం తెరవొచ్చు కదా అంటే, "తెరవొచ్చు సార్. ఒక్క సామాను కనపడకపోయినా ఆడిట్లో నన్నే అడుగుతారు. నాకింకా రెండేళ్లే సర్వీసుంది" అన్నారు. ఆయన్ని తప్పుపట్టలేకపోయాను.

2016లో నీతి ఆయోగ్ కింద మొదలైన ఈ పథకంలో ఒక్కో ల్యాబుకు 20 లక్షల రూపాయల వరకు ఇస్తారు. ఆరో తరగతి నుంచి పన్నెండు వరకు పిల్లలు చేతులతో ఏదో ఒకటి చేసి నేర్చుకోవాలన్నది ఉద్దేశం. ఇలాంటివి దేశంలో 10 వేలు దాటాయి. రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ బడుల్లో ఇంకో 50 వేలు పెడతామని 2025 బడ్జెట్లో చెప్పారు. సంతోషమే. కానీ మన రెండు రాష్ట్రాల్లోనూ మామూలుగా ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా బడులుండవు. దాదాపు ఏడు వారాలు. పరీక్షలూ, హోంవర్కూ, "సిలబస్ అయిపోలేదు" అన్న టెన్షన్ లేని ఏడు వారాలు. పిల్లల చేతులు ఖాళీగా ఉండే ఒకే ఒక్క కాలంలో, చేతి పని కోసమే కట్టిన గదికి తాళం పడుతోంది.

మేకర్ స్పేస్ అనే మాట మన దగ్గరికి వచ్చిన దారిలో ఏదో జారిపోయింది. దాని అసలు అర్థం తేలికైనది. ఒక్కడు కొనుక్కోలేని పనిముట్లను నలుగురూ కలిసి వాడుకునే గది. తెలిసినవాడు తెలియనివాడికి చూపిస్తాడు. మన దగ్గర ఆ మాట వినగానే స్టార్టప్, పేటెంట్, పెట్టుబడి గుర్తొస్తాయి. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చి 2న మొదలైన టీ-వర్క్స్‌నే తీసుకోండి. 78 వేల చదరపు అడుగుల్లో వడ్రంగం, లోహపు పని, పింగాణీ, సర్క్యూట్ బోర్డులు, త్రీడీ ప్రింటింగ్ అన్నీ ఒకే కప్పు కింద పెట్టారు. చూసి తీరాల్సిన చోటు. వస్తువు తయారు చేసి అమ్మాలనుకునే కంపెనీకి నమూనా చేసిపెట్టడం దాని పని, ఆ పని అది చేస్తుంది. చిక్కు టీ-వర్క్స్‌తో కాదు. అదొక్కటే మోడల్ అనుకుని ప్రతి జిల్లాలోనూ దాని చిన్న సైజు బొమ్మ కట్టాలని చూడటంతోనే. అద్దాల గది, గోడ మీద నినాదం, రిబ్బన్ కటింగ్, ఆ తర్వాత "యూటిలైజేషన్ తక్కువగా ఉంది" అనే రిపోర్టు.

మరోలా జరిగిన చోటు మన పక్క రాష్ట్రంలోనే ఉంది. పుణె దగ్గర పాబల్ అనే ఊళ్లో డాక్టర్ కల్బాగ్ 1983లో విజ్ఞాన్ ఆశ్రమ్ పెట్టారు. బడి మధ్యలో మానేసిన పల్లె పిల్లలకు వెల్డింగు, వ్యవసాయం, కరెంటు పని చేయిస్తూ చదువు చెప్పే చోటు. అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయం తన ఫ్యాబ్ ల్యాబుల్ని, అంటే కంప్యూటర్‌తో నడిచే మిషన్లున్న తయారీ గదుల్ని, బయట పెట్టడం మొదలుపెట్టినప్పుడు, 2002 ప్రాంతంలో, తొలి ల్యాబుల్లో ఒకటి ఇక్కడికే వచ్చింది. ముంబైకి కాదు, బెంగళూరుకూ కాదు. అక్కడ ముందు చేతికొచ్చిన పనులేమిటంటే డీజిల్ ఇంజిన్ టైమింగ్ సరిచూసే పరికరం, పాల నాణ్యత కొలిచే పరికరం. మిషన్లు ఎంఐటీ ఇచ్చింది, పని మాత్రం ఊరు ఇచ్చింది.

ఇక్కడ ఒక మాట ఎవరో ఒకరు అంటారు: మన కమ్మరి కొలిమే అసలైన మేకర్ స్పేస్ అని. వినడానికి బాగుంటుంది గానీ నేను ఒప్పుకోను. కొలిమి దగ్గర కూర్చుని ఊరంతా కబుర్లు చెప్పుకున్న మాట నిజమే. సుత్తి పట్టింది మాత్రం ఒక్క కులమే. మిగతావాళ్లు నాగలి కర్రు పెట్టి వెళ్లి, పదును పట్టాక తీసుకెళ్లారు. నేర్చుకోవడానికి వచ్చిన పరాయి పిల్లాడికీ, ఏ కులపు ఆడపిల్లకైనా అక్కడ చోటు లేదు. కొలిమి గురించి ముచ్చటపడేటప్పుడు ఆ సంగతి మరచిపోతే, కొత్త ల్యాబుల్లో ఉన్న ఒకే ఒక్క గొప్ప గుణం మనకు కనపడదు: ఎవరైనా పనిముట్టు పట్టుకోవచ్చు.

జాతరలోనూ ఈ పంపకం ఉంది. గంగమ్మ జాతరలో ఏ వేషం ఎవరు కట్టాలో, చాటింపు ఎవరు వేయాలో వంశాల వారీగా తేలిపోయి ఉంటుంది. ఆడవాళ్లను చెరుస్తున్న పాలెగాణ్ని పట్టుకోవడానికి అమ్మ రోజుకో వేషం వేసి ఊరంతా వెతికిందని కథ. బైరాగి, బండ, తోటి వేషాలయ్యాక దొర వేషం రోజు పాలెగాడు దొరుకుతాడు, తల తెగుతుంది. ఆ ముఖ్య వేషాలు వంశంవారివి. కానీ వాటి చుట్టూ మామూలు జనం వేసుకునే వేషాలున్నాయే, అక్కడ తలుపులు తెరిచే ఉంటాయి. ఒకరోజు ఒళ్లంతా తెల్లసుద్ద, ఒకరోజు కుంకుమ, ఒకరోజు బొగ్గుపొడి, నడుముకు వేపమండలు. మొక్కుంటే ఎవరైనా వేస్తారు, మగవాళ్లు చీరలు కట్టుకుని వస్తారు. బ్యాంకు ఉద్యోగి బొగ్గు పూసుకుంటాడు. ఖర్చు తక్కువ, తయారీ ఇంట్లోనే, ఎలా చేయాలో పక్కింటి పెద్దావిడ చెబుతుంది. పుస్తకాల్లో "కమ్యూనిటీ లెర్నింగ్" అని రాసేది దీన్నే. ఇక్కడ దానికి పేరు పెట్టలేదు, అంతే తేడా.

చివరి రాత్రి గుడి ముందు బంకమట్టితో అమ్మవారి విశ్వరూపం తయారవుతుంది. తెల్లవారుజామున పేరంటాలు వేషంలో ఉన్నవారు ఆ మట్టి రూపం చెంప నరుకుతారు. ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. కాగితంలో పొట్లం కట్టుకుని ఇంటికి తీసుకెళ్తారు, జబ్బు చేస్తే పనికొస్తుందని నమ్మకం. అంత శ్రమపడి చేసిన రూపం గంటల్లో ముక్కలై ఊళ్లో ఇంటింటికీ చేరిపోతుంది. ల్యాబుల్లో పిల్లలు చేసిన ప్రాజెక్టులు అద్దాల బీరువాలో ఏళ్ల తరబడి దుమ్ముపట్టి ఉండటం చూసినప్పుడల్లా నాకు ఈ మట్టే గుర్తొస్తుంది.

మన మేకర్ స్పేసులకు లేనిది యంత్రం కాదు, సందర్భం. ఫలానా తేదీకి, ఫలానా వీధిలో, ఫలానావాళ్ల ముందు పెట్టాల్సిన వస్తువు. అది ఎండాకాలంలో మన చుట్టూ కావలసినంత ఉంది. శ్రీరామనవమి పందిళ్లు, ఉగాది ముందు రోజు కొత్త అమావాస్యతో మొదలై నెలంతా సాగే అనకాపల్లి నూకాలమ్మ జాతర, మేలో గంగమ్మ. హైదరాబాద్‌లో ఆషాఢం రాగానే గోల్కొండలో తొలి బోనం. బోనాల్లో అమ్మవారికి సమర్పించడానికి కట్టే తొట్టెలు కూడా వెదురూ రంగు కాగితమే. వాటిని కట్టడం నేర్చుకోవాలంటే సెలవులే సరైన కాలం. రాయదుర్గం నుంచి గోల్కొండ ఎంతో దూరం లేదు, కానీ అక్కడి లేజర్ కటింగ్ మిషనూ ఇక్కడి తొట్టెలు కట్టే మనిషీ ఒకరినొకరు చూసుకునే అవకాశం మాత్రం చాలా దూరంలో ఉంది.

లేజర్ మిషను అనగానే ఒక భయం ఉంది, అది వట్టి భయం కాదు. చేత్తో ఒక రోజు పట్టే కాగితపు అల్లికను ఆ మిషను రెండు నిమిషాల్లో కోసి పడేస్తుంది. అప్పుడు తొట్టెలు కట్టి నాలుగు డబ్బులు చూసుకునే మనిషి గతేమిటి? లక్క బొమ్మలు చేసే ఏటికొప్పాక నుంచి జవాబు కొంత దొరుకుతుంది. అక్కడ అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకు అంటుకుంటుంది. ఆ బొమ్మకు ప్రాణం పోసింది మిషను మీద కోపం కాదు, రంగుల మీద ప్రయోగం. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మకు రసాయన రంగు ఎందుకని, చెట్ల నుంచి తీసే సహజ రంగుల్ని అక్కడి కళాకారుడు సి.వి. రాజు మళ్లీ వాడకంలోకి తెచ్చారు. ఆ పనికి ఆయనకు 2023లో పద్మశ్రీ వచ్చింది. 2017లో ఆ బొమ్మలకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అంటే ల్యాబు చేయాల్సింది కళాకారుడి చేతిపనిని కాపీ కొట్టడం కాదు, అతను తీర్చుకోలేకపోతున్న చిక్కును తీర్చడం. ఏది చిక్కో అతన్నే అడగాలి. అలా అడిగే అలవాటు మన అధికారులకు తక్కువ.

గుడి పండుగకు ప్రభుత్వ ల్యాబు ఎందుకు పనిచేయాలన్న ప్రశ్నా వస్తుంది. న్యాయమైనదే. నా జవాబు: ల్యాబు పండుగకు పనిచేయదు, పండుగ చేసుకునే వీధికి పనిచేస్తుంది. ఆ వీధి పీర్ల పండుగ చేసుకుంటే దానికీ, ఉర్సు చేసుకుంటే దానికీ, ఏదీ చేసుకోకపోతే చలివేంద్రానికి నీడ వేయడానికీ. ఎవరు అడిగినా తీసే తలుపు అయినంతవరకు నాకు అభ్యంతరం కనపడదు. ఒక్కరికే తీసే తలుపైతే ఆ రోజే మూసేయాలి.

ఇదంతా ముచ్చట కోసం చెప్పడం లేదు. 2022 ఏప్రిల్లో తమిళనాడులోని తంజావూరు దగ్గర కళిమేడులో రథం పైభాగం హైటెన్షన్ తీగకు తగిలి 11 మంది చనిపోయారు, అందులో పిల్లలున్నారు. 2025 ఆగస్టులో హైదరాబాద్ రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు తగిలి ఐదుగురు పోయారు. మన ఊళ్లలో ఏటేటా అలంకారాల ఎత్తు పెరుగుతోంది. వెదురు పోయి ఇనుప పైపు వస్తోంది, వందల బల్బులు, వెనకాల జనరేటర్, చిన్న జాయింట్లకు టేపు చుట్టి సరిపెట్టడం. కట్టేవాళ్లకు ఒడుపు తెలుసు, ఎర్తింగ్ తెలియదు. ల్యాబులో పిల్లలకు ఎర్తింగ్ పాఠం తెలుసు, దాన్ని ఎక్కడ వాడాలో తెలియదు. ఈ ఇద్దర్నీ ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఒక గదిలో కూర్చోబెట్టడానికి కొత్త పథకం అక్కర్లేదు. పేటలో వెల్డింగ్ షాపు నడిపే ఒకరికి నెలకు కొంత గౌరవ వేతనం, సామాను లెక్కకు ఒక రిజిస్టరు, పోయిన స్క్రూడ్రైవర్‌కు హెడ్మాస్టర్ పెన్షన్ ముట్టుకోబోమని చెప్పే ఒక జీవో చాలు. ఈ మూడింట్లో కష్టమైనది చివరిదే. 20 లక్షల సామాను కొనడానికి సంతకం దొరుకుతుంది, అది వాడితే అరుగుతుందని ఒప్పుకునే సంతకం దొరకదు.

ఈసారి ఏ ఊరేగింపునైనా చూసేటప్పుడు ముందు నడిచేవాళ్లను గమనించండి. డప్పులకన్నా ముందు ఒక కుర్రాడు ఉంటాడు, పదిహేనేళ్లో పదహారేళ్లో. చేతిలో చివర చీలిన పొడవాటి వెదురు కర్ర. అడ్డొచ్చిన తీగల్ని ఆ చీలికతో పైకెత్తి, రథం దాటేదాకా పట్టుకోవడం వాడి పని. ఏది కేబుల్ టీవీ తీగో, ఏది కరెంటు తీగో కింది నుంచి చూసి వాడే చెప్పాలి. ఆ పూట కరెంటు ఆపించడమే అసలు మందు, అది పెద్దవాళ్ల పని. నేనడిగిన కుర్రాడికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. "నల్లగా ఉంటే కేబుల్ అన్నా, ఏం కాదు" అన్నాడు. ఏ బడి అని అడిగితే చెప్పాడు. ల్యాబు ఉన్న బడే.