వార్తకు వెల కట్టే చట్టం కావాలి

2023 ఆగస్టులో కెనడా ఉత్తరాన కార్చిచ్చు ముంచుకొచ్చి, ఎల్లోనైఫ్‌లోని దాదాపు 20 వేల మందిని ఊరు ఖాళీ చేయమన్నారు. మంట ఎంత దూరంలో ఉందో, ఏ దారి తెరిచి ఉందో స్థానిక విలేకరులు రాస్తూనే ఉన్నారు. ఆ లింకులు మాత్రం ఫేస్‌బుక్‌లో పెట్టే వీల్లేదు. జనం వార్తలకు స్క్రీన్‌షాట్లు తీసి పంచుకున్నారు. వార్తలు వాడుకుంటున్నందుకు ఫేస్‌బుక్, గూగుల్ వంటి సంస్థలు పత్రికలకు డబ్బు ఇవ్వాలని ఆ జూన్‌లోనే కెనడా చట్టం చేసింది. ఫేస్‌బుక్‌ను నడిపే మెటా డబ్బు ఇవ్వకుండా వార్తలనే ఎత్తేసింది. ఊరు తగలబడే ముప్పు వచ్చినా మెత్తబడలేదు. గూగుల్ బేరమాడి ఏటా 10 కోట్ల కెనడా డాలర్లకు ఒప్పుకుంది.

లోపం చట్టంలోనే ఉంది. వార్తలు ఉంచితేనే చెల్లించాలంటే, తీసేసి తప్పించుకోవచ్చు. 2021లో ఆస్ట్రేలియా ఇదే దెబ్బ తింది. తర్వాత అక్కడి పత్రికలతో కుదుర్చుకున్న ఒప్పందాలను కొనసాగించబోమని 2024 మార్చిలో మెటా తేల్చేసింది. ఆ డిసెంబరులో ప్రభుత్వం కొత్త ప్రతిపాదన తెచ్చింది: వార్తలు ఉంచినా తీసేసినా పెద్ద సంస్థలు రుసుము కట్టాల్సిందే, పత్రికలతో ఒప్పందం చేసుకుంటే అందులో తగ్గింపు ఉంటుంది. మనం పట్టుకోవాల్సిన కొస ఇదే.

మన దగ్గర డిజిటల్ ప్రచురణకర్తల ఫిర్యాదుపై, వ్యాపారంలో న్యాయమైన పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ 2022 జనవరిలో గూగుల్‌పై విచారణకు ఆదేశించింది. వార్తలు తయారు చేసేవారికి న్యాయమైన ప్రతిఫలం దక్కాలని కేంద్రమంత్రి అశ్వినీ వైష్ణవ్ 2024 జాతీయ పత్రికా దినోత్సవం నాడు అన్నారు. ఆ మాట చట్టంగా మారాలి. ఇప్పుడు ఏఐ వార్త సారాన్ని తనే చెప్పేస్తుంటే, పాఠకుడు మా సైట్ దాకా రావాల్సిన పనే ఉండటం లేదు. ఈ చట్టంతో మా పత్రికకూ మేలే. ఆ సంగతి మేం దాచం.

అయితే డబ్బు యాజమాన్యాల దగ్గరే ఆగిపోకూడదు. కెనడాలో గూగుల్ సొమ్మును విలేకరుల పని గంటల లెక్కన పంచుతున్నారు. ఇక్కడ ఆ లెక్క తీస్తే, వరదలో మోకాలి లోతు నీళ్లలో నిలబడి కూలిన ఇళ్లు లెక్కపెట్టుకొచ్చే మండల విలేకరి పేరు చాలాచోట్ల జీతాల పట్టీలో కనిపించదు. నియామక పత్రం లేకున్నా అతన్ని లెక్కలోకి తీసుకోవాలని చట్టంలోనే రాయాలి.